ఆ ఏడు సెకన్లు ఎవరు గీశారు?

బొమ్మల పేజీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫోన్లలో తిరిగే కార్టూన్ మీమ్ వీడియోల గురించే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట: నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లు టూడీ యానిమేషన్‌లో ఇన్‌బిట్వీన్ (ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చే బొమ్మలు గీయడం), క్లీనప్ (గీతలు శుభ్రం చేయడం) పనులు చేశాను. తర్వాత ఎడిటింగ్‌లోకి వచ్చాను. ఇక్కడ చెప్పేవన్నీ లైట్ బాక్సు ముందు, ఎడిటింగ్ బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నవి.

*

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఆవకాయ అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే చిన్నతనం గుర్తొచ్చినట్టు ఒక వీడియో చేసి ఇంటి గ్రూపులో పెట్టాడు. అందులో ఉన్న ముసలాయన ఏదో ఇంగ్లిష్ బొమ్మల సినిమాలోవాడట. మా అత్తగారికి ఆ సినిమా తెలియదు, ఆ భాషా రాదు. అయినా చూసి కళ్లు తుడుచుకున్నారు. ఇన్ని మామూలు సినిమాలుండగా పిల్లలు బొమ్మల సినిమాల్లోంచే ముక్కలు ఎందుకు తీస్తున్నారు?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, ఆ సినిమా ‘రాటటూయి’. పిక్సార్ వాళ్లది, 2007లో వచ్చింది. దర్శకుడు బ్రాడ్ బర్డ్. ఆ ముసలాయన పేరు ఆంటన్ ఈగో. ప్యారిస్ హోటళ్ల వంటల మీద విమర్శలు రాస్తాడు. ఆయన వస్తున్నాడంటే వంటవాళ్లకు వణుకు.

మీ అబ్బాయి తీసుకున్న ముక్కను మళ్లీ ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఆయన చేతిలో కలం పట్టుకుని, తప్పు పట్టడానికి సిద్ధంగా ఉంటాడు. ఫోర్కుతో ఒక ముక్క నోట్లో పెట్టుకుంటాడు. కళ్లు పెద్దవవుతాయి. అక్కడ బొమ్మ కాస్త ఆగుతుంది. ఆ తర్వాత మనం ఆయన కంట్లోకి దూసుకుపోతాం. పల్లెటూరి ఇల్లు, వాకిట్లో పడి ఉన్న సైకిలు, గుమ్మంలో ఏడుపు మొహంతో చిన్న పిల్లాడు. తల్లి అదే కూర గిన్నెలో పెట్టి ముందు ఉంచి, బుగ్గ నిమురుతుంది. మళ్లీ హోటల్లోకి వస్తాం. ఆయన చేతిలోంచి కలం జారి నేల మీద పడుతుంది. ఇంతలో ఒక్క మాట కూడా లేదు. అందుకే మీ అత్తగారికి భాష అవసరం పడలేదు. ఆ గిన్నెలో ఫ్రెంచి కూర ఉన్నా, ఆవకాయ అన్నం ఉన్నా తల్లి చెయ్యి ఒకటే.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ “కాస్త ఆగడం”లో ఉంది. మా పనిలో దాన్ని హోల్డ్ అంటాం. పాత్ర ఏదో విన్నాక, చూశాక, అది మనసుకు చేరేదాకా బొమ్మను పట్టి ఉంచడం. పూర్తిగా ఆపేస్తే బొమ్మ చచ్చిపోయినట్టుంటుంది. అందుకని రెప్ప, భుజం, వెంట్రుక ఏదో ఒకటి వెంట్రుకవాసి కదులుతూనే ఉండాలి. అది మూవింగ్ హోల్డ్. నటుడితో తీసే సినిమాలో ఆ ఒక్క సెకను ఆయన ముఖంలో ఏం జరిగితే అదే వస్తుంది. బొమ్మల సినిమాలో ఏదీ దానంతటది జరగదు. కనుబొమ్మ ఎంత లేవాలి, నోటి మూల ఎంత వంగాలి అని ఒక మనిషి కూర్చుని తేల్చుకోవాల్సిందే. పైగా నాలుగేళ్ల పిల్లకు కూడా మాట అర్థంకాకముందే ముఖం అర్థంకావాలి. ఇంత తేటగా గీసిన ముఖాన్ని కథలోంచి విడదీసి ఎక్కడ పెట్టినా అది మాట్లాడుతూనే ఉంటుంది.

నేను చూసినంతలో మీమ్‌గా మారే కార్టూన్ ముక్కల్లో ఎక్కువ భాగం ఇలాంటి హోల్డ్‌లే. డైలాగులూ పోరాటాలూ చాలా తక్కువ. 2004లో వచ్చిన ‘ష్రెక్ 2’లో పిల్లి టోపీని గుండెకు హత్తుకుని, కళ్లు ఇంతింత చేసుకుని చూస్తుందే, అది కూడా హోల్డే. సెలవు అడగడానికి, అప్పు అడగడానికి, అమ్మను పది రూపాయలు అడగడానికి ఆ పిల్లిని వాడని ఫోను ఉండదేమో.

మనుషుల్లో ఈ విద్య పూర్తిగా పట్టుబడినవాళ్లు లేకపోలేదు. బ్రహ్మానందం గారి ముఖం చూడండి. ఎదుటివాడు మాట అన్నాక ఆయన వెంటనే బదులివ్వరు. ఆ మాట లోపలికి దిగేదాకా ముఖాన్ని పట్టి ఉంచుతారు. సరిగ్గా ఆ క్షణాన్నే మన మీమర్లు కోసుకుంటున్నారు. 2019లో ‘ది లయన్ కింగ్’ తెలుగులోకి వచ్చినప్పుడు పుంబా అనే అడవిపందికి ఆయన, దాని నేస్తం టిమోన్‌కి అలీ గారు గొంతు ఇచ్చారు. యానిమేటర్ల భాష ఒంట్లోనే ఉన్న మనిషికి బొమ్మను అప్పజెప్పారని ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది.

ఇంకో చిన్న కారణం. ఈ సినిమాలను మొదటి నుంచీ పది భాషల్లోకి డబ్ చేయాలనే ఉద్దేశంతోనే తయారు చేస్తారు. మాటలు వేరుగా, సంగీతం, శబ్దాలు వేరుగా ఉంటాయి. మాట మారినా బొమ్మ చెడకూడదు. మీ అబ్బాయి చేసింది కూడా ఒక రకం డబ్బింగే. బాగా చేశాడని చెప్పండి.

*

ప్రశ్న: అక్కా, నేను టామ్ అండ్ జెర్రీ సీన్లకు తెలుగు మాస్ పాటలు వేసి రీల్స్ చేస్తాను. కొన్ని అచ్చం ఆ పాటకే డ్యాన్స్ చేసినట్టు కూర్చుంటాయి. కొన్ని ఎంత జరిపినా కూర్చోవు. ఎందుకిలా?
– బీటెక్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, ఈ ప్రశ్న కోసం నేను ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నాను.

టామ్ అండ్ జెర్రీ టీవీ కోసం పుట్టినవి కావు. 1940 నుంచి ఎం.జి.ఎం. వాళ్లు థియేటర్లలో వేయడానికి తీసిన చిన్న సినిమాలు. జోసెఫ్ బార్బెరా కథ, బొమ్మలు చూసుకుంటే, విలియం హన్నా టైమింగ్ చూసుకునేవారు. సంగీతం స్కాట్ బ్రాడ్లీది. ఆ రోజుల్లో కార్టూన్‌ని తాళం మీద కట్టేవాళ్లు. పాత్ర అడుగు ఎన్ని ఫ్రేములకు, అంటే ఎన్ని విడి బొమ్మలకు, ఒకటి పడాలో కాగితం మీద ముందే లెక్క రాసుకునేవాళ్లు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1440. అడుగు 12 ఫ్రేములకు ఒకటి పడితే నిమిషానికి 120 అడుగులు. మార్చింగ్ బ్యాండు నడిచే వేగం అది. నువ్వు వేసిన పాట కూడా నిమిషానికి 120 బీట్ల దగ్గర ఉంటే మొదటి అడుగు కలిపితే చాలు, మిగతావన్నీ వాటంతటవే కలుస్తాయి. ఎనభై ఏళ్ల కిందట అమెరికాలో గీసిన పిల్లి మన తీన్‌మార్‌కు కాలు కలుపుతోందంటే కారణం ఈ లెక్కే.

కూర్చోని వాటికి ఇలా చెయ్యి. ముందు పాట బీటు ఎంతో చూడు. 1440ని దాంతో భాగించు. పాట 96 ఉంటే 15 ఫ్రేములకు ఒక బీటు. తర్వాత సీన్‌లో టామ్ పాదం నేలను తాకే ఫ్రేములు రెండు వెతికి, వాటి మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టు. 15కి బదులు 14 ఉంటే వీడియోని రవ్వంత నెమ్మది చేస్తే చాలు, ఎవరికీ తెలియదు. 9 ఉంటే మాత్రం వదిలేసి ఇంకో పాట చూసుకో. బలవంతంగా సాగదీస్తే పిల్లి నీళ్లలో నడిచినట్టుంటుంది.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది. ఫోన్ యాప్‌లో ప్రాజెక్ట్ 30 ఫ్రేముల మీద పెట్టేస్తారు. 24 ఫ్రేముల బొమ్మను అందులో వేస్తే సెకనుకు ఆరు ఫ్రేములు యాప్ రెండేసి సార్లు చూపిస్తుంది. అందుకే పరుగు మధ్యలో చిన్న కుదుపు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో 24 ఉంటే అది పెట్టుకో.

ఆఖరుగా ఒక కిటుకు. బీటూ పాదమూ సరిగ్గా ఒకే ఫ్రేములో పెట్టకు. పాదం ఒకటి రెండు ఫ్రేములు ముందు పడాలి, దరువు ఆ వెనకే రావాలి. కంటికి ముందు, చెవికి తర్వాత. మా సీనియర్ నాకు మొదటి వారంలోనే చెప్పిన మాట ఇది. ఇప్పటికీ ఎడిటింగ్‌లో రోజూ వాడతాను.

*

ప్రశ్న: ఇద్దరు స్పైడర్‌మ్యాన్‌లు ఒకరినొకరు వేలెత్తి చూపించుకునే బొమ్మ ఏ సినిమాలోది?
– పదో తరగతి విద్యార్థిని, నంద్యాల

జవాబు: సినిమాలోది కాదు తల్లీ, 1967 నాటి టీవీ కార్టూన్‌లోది. ‘డబుల్ ఐడెంటిటీ’ అనే ఎపిసోడ్‌లో ఒక మారువేషాల నటుడు స్పైడర్‌మ్యాన్‌లా దుస్తులు వేసుకుని వస్తాడు. తక్కువ ఖర్చులో తీసిన కార్టూన్ కాబట్టి కదలిక తక్కువ, వెనక దృశ్యం కూడా సాదా. అదే మీమ్‌కి కలిసొచ్చింది. 2018లో ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్’ తీసినవాళ్లు టైటిల్స్ అన్నీ అయ్యాక, అదే 1967 బొమ్మ తీరులో ఆ వేలెత్తే గొడవను మళ్లీ గీసి పెట్టారు. కార్టూన్ మీమ్ అయింది, మీమ్ తిరిగి సినిమాలోకి వచ్చింది. ఈసారి చూసినప్పుడు ఆఖరిదాకా కూర్చో.

*

ప్రశ్న: అమ్మా, డల్లాస్‌లో ఉన్న మా మనవడు ఒక వీడియో పంపాడు. తేనెటీగల సినిమా. “బీ” అనే మాట వచ్చిన ప్రతిసారీ వేగం పెరుగుతుందట. కాసేపటికే చెవులు హోరెత్తాయి. ఇందులో వాళ్లకు కనిపించే ఆనందం ఏమిటో తెలుసుకోవాలని ఉంది.
– విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, నమస్కారం. అది ‘బీ మూవీ’. డ్రీమ్‌వర్క్స్ వాళ్లు 2007 నవంబరులో విడుదల చేశారు. హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ రాతలో చెయ్యి వేసి, హీరో తేనెటీగకు గొంతు కూడా ఇచ్చారు. మీ మనవడు పంపిన తరహా వీడియో 2016 చివర్లో యూట్యూబ్‌లో వచ్చి ప్రపంచమంతా పాకింది. దానికి ముందే కుర్రాళ్లు ఆ సినిమా మాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా సంబంధం లేని చోట్లల్లా అతికించేవాళ్లు.

అందులోని ఆనందం మీ సబ్జెక్టే. మాట వచ్చిన ప్రతిసారీ వేగం పదో వంతు పెరుగుతుందనుకోండి. అది చక్రవడ్డీ. ఏడు సార్లకు వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఇరవై నాలుగు సార్లకు పది రెట్లకు చేరువవుతుంది. తేనెటీగల సినిమాలో “బీ” అనే మాట ఎన్నిసార్లు వస్తుందో మీరే ఊహించండి. మొదట్లో తేడా తెలియదు, తెలిసేలోపు చేయి దాటిపోతుంది. బళ్లో చక్రవడ్డీ చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. మనవడితో ఈ లెక్క వేయించి చూడండి, వాడు మిమ్మల్ని ఇంకో రకంగా చూస్తాడు.

ఆ సినిమా మొదటి మాటల్లో, విమానశాస్త్రం ప్రకారం తేనెటీగ ఎగరలేదని అంటారు. అది నిజం కాదు. తేనెటీగ సెకనుకు సుమారు 230 సార్లు రెక్కలాడిస్తుంది. చిన్న చిన్న ఊపులు, చాలా వేగంగా. గాలి సుడులను రెక్కల మీద పట్టుకుని లేస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములే కదా, ఒక్క ఫ్రేములో తొమ్మిదిసార్లకు పైగా రెక్క ఆడిపోతుంది. కాబట్టి యానిమేటరు దాన్ని ఉన్నదున్నట్టు గీయలేడు. మసక పొరలా గీసి ఎగురుతోందని నమ్మిస్తాడు. నాకు ఆ మసక పొర అంటే చాలా ఇష్టం. ఈగనో తుమ్మెదనో క్లీనప్ చేయమని ఇస్తే ముందు దాని రెక్కలతోనే మొదలుపెట్టేదాన్ని.

*

ప్రశ్న: మాది హనుమకొండలో టిఫిన్ సెంటర్. మినియన్లు (సినిమాల్లో కనిపించే పసుపు రంగు బొమ్మ బుడతలు) దోసె కోసం కొట్టుకుంటున్నట్టు ఒక కుర్రాడు వీడియో చేసిచ్చాడు. మా పేజీలో పెట్టి ప్రచారం చేసుకోవచ్చా? కాపీరైట్ అంటున్నారు కొందరు.
– ఒక పాఠకుడు

జవాబు: పెట్టకండి అన్నా. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇస్తుంది. సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తల కోసం న్యాయంగా వాడుకోవడం లాంటివి. సరదా అనుకరణ అనే మాట విడిగా అందులో లేదు. స్నేహితుల గ్రూపులో నవ్వుకునేది వేరు, దోసెలు అమ్మడానికి వాడేది వేరు. రెండోది వ్యాపారం. యూట్యూబ్ లాంటి చోట్ల బొమ్మనూ శబ్దాన్నీ యంత్రమే పోల్చి పట్టేస్తుంది. అద్దంలోలా తిప్పేయడం, గొంతు సన్నం చేయడం లాంటి కిటుకులతో యంత్రం కన్ను కప్పినా చట్టం మారదు. మన దేశంలో సినిమా మీద హక్కు విడుదల తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. మినియన్లు మొదట కనిపించింది 2010లో, కాబట్టి ఆ హక్కు ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది.

ఆ వీడియో చేసిన కుర్రాడికే ఇంకో రెండు వేలు ఎక్కువిచ్చి, మీ పెనం, మీ దోసె, మీ మాస్టర్ గారి మీసం పెట్టి సొంత బొమ్మ గీయించండి. అది ఎప్పటికీ మీదే.

*

ప్రశ్న: మేడమ్, నేను యానిమేటర్‌ని. పిల్లల సినిమా ఒకదానిలో ఒక షాట్ మీద ఐదు వారాలు పనిచేశాను. చిన్న పాప వానలో తడిసిన కుక్కపిల్లను ఒళ్లోకి తీసుకునే షాట్. ఇప్పుడు దానికి బూతు డైలాగు పెట్టి అందరూ తిప్పుతున్నారు. మా హాస్టల్లో నా ముందే నవ్వారు. అది నేను చేసిందని చెప్పలేకపోయాను. పని మీద మనసు పోవడం లేదు.
– మాదాపూర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం ఐదారుసార్లు చదివాను.

నాకూ జరిగింది. పనిలో చేరిన మూడో ఏడు, ఒక బొమ్మల సినిమాకు ఏనుగు గున్న నడక ఇన్‌బిట్వీన్ చేశాను. ఏ సంస్థో ఇక్కడ అనవసరం. ఏడు సెకన్ల షాట్. రెండు ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున 84 బొమ్మలు. గున్న నడుస్తూ నడుస్తూ ఆగి, తల్లి పిలుపు విన్నట్టు చెవి తిప్పుతుంది. చెవి అంచు ఎలా ముడుచుకోవాలో తెలియక ఆదివారం జూ పార్కుకి వెళ్లి మూడు గంటలు నిలబడ్డాను. సినిమా వచ్చింది, పోయింది. టైటిల్స్‌లో నా పేరు వేయలేదు. అడిగితే, ఇన్‌బిట్వీనర్ల పేర్లు వేయడం మా దగ్గర లేదన్నారు. చాలా ఏళ్ల తర్వాత మా అక్క కూతురు ఫోన్‌లో ఒక మీమ్ చూపించింది. అదే గున్న. దానికి తాగుబోతు గొంతు పెట్టారు. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. నాకు నోట మాట రాలేదు.

అందుకే బాధపడకు అని నీకు చెప్పను. ఐదు వారాలు నువ్వు ఆ పాప చేతులను మెత్తగా ఉంచడానికి కష్టపడ్డావు. వాటిని ఎవరో మురికి చేస్తే నొప్పి ఉండాల్సిందే. పిల్లల పాత్రకు బూతు పెట్టడం సరదా కింద రాదు. ఆ వీడియో కనిపించిన ప్రతిచోటా రిపోర్ట్ చెయ్యి. మీ నిర్మాతకు లింకులు పంపు, తీయించే హక్కు వాళ్లకుంది. 2020 జూన్‌లో ‘చోటా భీమ్’ పెళ్లి గొడవ నీకు గుర్తుండే ఉంటుంది. భీమ్ తన నేస్తం చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడని, చుట్కీకి అన్యాయం జరిగిందని సోషల్ మీడియా అంతా హోరెత్తితే, ఇక్కడ హైదరాబాద్‌లోనే ఉన్న గ్రీన్ గోల్డ్ వాళ్లు వాళ్లింకా చిన్నపిల్లలు, ఎవరికీ పెళ్లి కాలేదు అని ప్రకటన ఇచ్చారు. తమ పాత్రల తరఫున తయారీదారులు అలా మాట్లాడటం నాకు నచ్చింది. మీవాళ్లనూ మాట్లాడమని అడుగు.

మీమ్ చేసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకు అని కూడా అడుగుతున్నాను. 2018లో రెండు వందల మందికి పైగా కళాకారులు కలిసి ‘ష్రెక్’ సినిమా మొత్తాన్ని మళ్లీ చేశారు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క తీసుకున్నారు. ఒకరు పెన్సిలుతో గీస్తే, ఒకరు కంప్యూటర్‌లో చేశారు, ఇంకొకరు వేషం వేసుకుని నటించారు. ఊరికే ఉచితంగా పెట్టారు. ‘రాటటూయి’ మీద 2020లో ఒక బడి టీచరమ్మ సరదాగా పాట పాడి పెడితే, దానికి వేలమంది చేతులు కలిపి నాటకంగా మార్చారు. 2021 జనవరి 1న దాన్ని ఆన్‌లైన్‌లో ప్రదర్శించి, కరోనాతో పనిపోయిన రంగస్థల కళాకారుల నిధికి పది లక్షల డాలర్లకు పైగా పోగు చేశారు. ఈ పేజీలో మొదటి ఉత్తరం రాసిన తణుకు అమ్మగారి అబ్బాయి కూడా అలాంటివాడే. బొమ్మలో ఉన్న ప్రేమను చూసే తీసుకున్నాడు.

ఆ రోజు మా అక్క కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని, శబ్దం తగ్గించి, చెవి తిరిగే చోట ఆపి, “ఇది పిన్ని గీసింది” అని చెప్పాను. అది నవ్వు ఆపి ఫోను దగ్గరికి లాక్కుంది. చెవి అంచు ముడత మీద వేలు పెట్టి, “ఇదెలా గీశావు పిన్నీ?” అని అడిగింది. జూ పార్కు సంగతి చెప్పాను. ఆ తర్వాత అది ఆ సీన్ ఎన్నిసార్లు వేసుకున్నా శబ్దం లేకుండానే వేసుకుంది.

ఇవాళ రాత్రి హాస్టల్లో నీకు బాగా దగ్గరైన ఒక్క అమ్మాయికి నీ షాట్ అలా చూపించు. ఈ పేజీ చిరునామాకు నాకూ పంపు. పాప చేతులు కుక్కపిల్లను తాకే ఫ్రేము ఎన్నోదో రాసి పంపితే, ముందు అక్కడే ఆపి చూస్తాను.